మేనత్త మీద ఎర్ర గీత

మొన్న పొద్దున వాకిట్లో మంచు తోసి లోపలికొచ్చి, వేళ్ళు మళ్ళీ నావే అనిపించేదాకా కాఫీ కప్పు పట్టుకు కూర్చుని, కంప్యూటరు తెరిస్తే ఒక ఉత్తరం ఉంది. రాసినమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఏనాడో ఆగిపోయిన ఒక ఆటను తానూ మరో ఇద్దరూ కలిసి మళ్ళీ లేపుతున్నామనీ, అప్పట్లో ఆ ఆటలో బ్యాన్ చేసిన జీవులన్నింటినీ ఒక ప్రోగ్రాము చేత వేలసార్లు పోరాడించి చూశామనీ, వాటిలో ఒకదానికి గెలుపులూ ఓటములూ దాదాపు సమానంగా వచ్చాయి కనుక దాన్ని అసలు బ్యాన్ చేసి ఉండాల్సింది కాదనీ, ఆనాటి కౌన్సిల్లో నా పేరు కనిపించింది కనుక నా దగ్గర పాత టీములేమైనా ఉంటే పంపగలనా అనీ మర్యాదగానే రాసింది. బ్యాన్ చేసి ఉండాల్సింది కాదన్న ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. కాఫీ చల్లారిపోయింది.

నా ఈడువాళ్ళకి ఇదంతా పిల్లల గోలలా కనిపిస్తుందని తెలుసు. డెబ్భై దాటినవాడికి బొమ్మల పోట్లాటలేమిటని నా ముఖం మీద అడిగినవాళ్ళూ, వెనకాల నవ్వినవాళ్ళూ ఉన్నారు. చదరంగం ఆడితే మేధావి అంటారు, పేకాట ఆడితే సరదా మనిషి అంటారు, ఇది ఆడితే మాత్రం మతి చలించిందంటారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. రేడియో విప్పడం, బిగించడం పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఆ రేడియోలతో వచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాను, నడివయసులో కెనడా వచ్చి విన్నిపెగ్‌లో కిటికీలు తయారుచేసే ఫ్యాక్టరీలో అద్దాలు మోశాను. ఒక చలికాలం భుజం పట్టేసి, డాక్టరు ఇంట్లో కూర్చోమన్నాక, ఈ ఆటను కూడా అలాగే నాకు నేనే నేర్చుకున్నాను. నేర్పమని ఎవరి గడపా తొక్కలేదు.

నిజానికి నన్ను అందులోకి లాగినవాడు మా బావ, అంటే మా అక్క భర్త. వాళ్ళమ్మాయి, నా మేనకోడలు, టొరంటోలో ఉద్యోగం చేస్తూ మిల్టన్‌లో ఇల్లు కొనుక్కుని వాళ్ళిద్దరినీ తెచ్చుకుంది. వచ్చిన మూడో ఏడే బావకి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, నాలుగేసి గంటల చొప్పున డయాలసిస్ కుర్చీలో పడుకోవాలి. ఎడమచేతికి రెండు సూదులు, ఆ చెయ్యి కదపకూడదు, ఒంట్లో రక్తమంతా బయటికి వెళ్ళి మిషన్‌లో తిరిగి వస్తుంటే రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గేది కాదట. నీళ్ళు కొలిచి తాగాలి, అరటిపండు తినకూడదు, కొబ్బరినీళ్ళు తాగకూడదు, పప్పులో ఉప్పు ఉండకూడదు. తిండిని ప్రేమించిన మనిషి. పక్క కుర్చీలో ఒక రిటైరైన ట్రక్కు డ్రైవరు ఉండేవాడు, తెల్లాయన, ఆయనే తన టాబ్లెట్‌లో ఈ ఆట చూపించి, ఒక్క చేత్తో ఆడొచ్చు నేర్చుకో అన్నాడు. బావ నేర్చుకుని నాకు ఫోన్ చేసి నేర్పాడు. ఆ ట్రక్కు డ్రైవరు తర్వాతి చలికాలానికి ఆ కుర్చీలో లేడు. ఎక్కడికెళ్ళాడని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరట.

ఆట ఏమిటంటే, ఒక్కొక్కరికీ ఆరేసి వింత జీవులు. బరిలో మాత్రం చెరొకటే ఉంటుంది. నీ వంతు వచ్చినప్పుడు ఎదుటిదాన్ని కొట్టవచ్చు, లేదా నీదాన్ని వెనక్కి పిలిచి ఇంకోదాన్ని దింపవచ్చు. ఒకటి నిప్పు, ఒకటి నీరు, ఒకటి రాయి, దేని మీద ఏది పైచేయో ఒక లెక్క. అసలు ఆట అమ్మే కంపెనీ వందల జీవుల్ని చేసి, పాతిక ముప్పైని బలంగా చేసి, మిగతావాటిని గాలికి వదిలేసింది. ఆ వదిలేసినవాటి మీద జాలిపడ్డ అభిమానులు కొందరు సొంతంగా ఒక సైట్ పెట్టుకుని, ఒక్కోదానికి ఒక కొత్త శక్తి కల్పించి, తమ ఆట తాము నడుపుకునేవారు. జీతం లేదు, జెండా లేదు. అయిదుగురు సభ్యుల కౌన్సిల్ ఒకటి ఉండేది. ఏ జీవి మరీ మితిమీరిందో వాళ్ళు ఓటేసి బ్యాన్ చేసేవారు. ఇంకో ఆచారం కూడా ఉండేది, అది నాకు చాలా నచ్చేది. పోటీలో ఓడిపోయినవాడు తన టీమునంతా బయటపెట్టి, ఒక్కో జీవి పక్కన దాన్ని ఎందుకు ఎంచుకున్నాడో ఒక్క వాక్యం రాయాలి. గెలిచినవాడికి ఆ బాధ్యత లేదు. ఓడినవాడి దగ్గరే నేర్చుకోవలసింది ఉంటుందని వాళ్ళ నమ్మకం.

జీవులకు పెట్టిన అసలు పేర్లు మా నోళ్ళు తిరిగేవి కావు. అందుకని బావ వాటికి చుట్టరికాలు తగిలించాడు. ఎదుటివాడి బరిలో ముళ్ళు చల్లి ఏమీ ఎరగనట్టు వెనక్కి వచ్చేదానికి తోడల్లుడు అని పేరు. అందరికన్నా ముందు ఉరికి, ఒక్క దెబ్బకే పడిపోయేదానికి మరదలు. ఇక తడిసిన గోనెసంచిలా కాళ్ళూ చేతులూ లేకుండా రెండు కళ్ళతో చూస్తూ కూర్చునే ఒక మట్టిరంగు జీవి ఉండేది, దాన్ని కంపెనీ ఏనాడో మర్చిపోయింది. దానికి అభిమానులు ఇచ్చిన శక్తి ఏమిటంటే, బరిలోంచి వెనక్కి పిలిచినప్పుడల్లా పోయిన బలంలో కొంత తిరిగి వచ్చేస్తుంది. దానికి బావ మేనత్త అని పేరు పెట్టాడు. వాళ్ళ మేనత్త అత్తారింట్లో దెబ్బలాడి పుట్టింటికి, అంటే వీళ్ళింటికి వచ్చి, నాలుగు రోజులు వాళ్ళమ్మ చేతి ముద్ద తిని, బుగ్గలు నిండగానే మళ్ళీ యుద్ధానికి బయల్దేరేదట. "ఇది అచ్చం మా మేనత్తేరా బామ్మర్దీ, మొహం కూడా అదే" అని సూదులు గుచ్చి ఉన్నాయన్న సంగతి మర్చిపోయి నవ్వేవాడు. మిషన్ గీపెట్టేది, నర్సు పరుగెత్తుకొచ్చేది.

టీము కట్టడంలో మా ఇద్దరికీ అసలు పొత్తు కుదిరేది కాదు. ఒక్కో జీవికి పంచుకోవడానికి కొన్ని బలం పాయింట్లు ఉంటాయి, వేగానికి ఎన్ని, ఓర్పుకు ఎన్ని అని మనమే తేల్చుకోవాలి. నేను ఎదుటివాడి పెద్ద దెబ్బకు నాది ఎంత మిగులుతుందో కాగితం మీద గుణించి, భాగించి, శేషం కూడా వదలకుండా రాసేవాణ్ణి. ఆ రోజుల్లో పెద్ద ఆటగాళ్ళందరి పద్ధతీ ఒకటే, ఆరింటిలో ఒకదాన్ని చావడానికే పంపాలి. అది చచ్చేలోగా ఏదో ఒక పని చేసిపెడుతుంది, దాని చావుతో వచ్చిన ఖాళీలో అసలైనది బరిలోకి దిగుతుంది. నేనూ అలాగే కట్టేవాణ్ణి. బావ మాత్రం ఒక్కదాన్ని కూడా అలా పంపేవాడు కాదు. ఒకటి అలిసిపోగానే వెనక్కి పిలిచి మేనత్తను దింపి, ఆవిడ దెబ్బలు తింటుంటే మిగతావాళ్ళు ఊపిరి తీసుకుని, ఆవిడ అలిసిపోతే ఆవిణ్ణి పుట్టింటికి పంపి, ఇలా తిప్పుతూనే ఉండేవాడు. ఒకసారి మిషన్ నాలుగు గంటలూ పూర్తయి, సూదులు తీసి, దూది అంటించి, మా అక్క కారులో ఇంటికి తీసుకొచ్చాక కూడా ఆ ఆట అవలేదు. ఎదుటివాడు విసుగుపుట్టి ఓడిపోయానని ఒప్పుకున్నాడు. డయాలసిస్ అయ్యాక బావకి కాళ్ళు పీకేవి, మెట్లు ఎక్కలేకపోయేవాడు. ఒకనాడు అన్నాడు, "మీ కమిటీలో చెప్పి నాక్కూడా ఆ మేనత్త శక్తి ఒకటి పెట్టించరా. లోపలికెళ్ళి కాస్త కోలుకుని వచ్చేస్తా." నేను నవ్వాను. అప్పుడు అది నవ్వే మాటలాగే వినిపించింది.

మీ కమిటీ అన్నాడంటే, అప్పటికి నేను కౌన్సిల్లో ఉన్నాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ, దానికి తోడు చూసిన ప్రతి పోరాటాన్నీ నోటుపుస్తకంలో ఎక్కించే అలవాటు. ఎవరు ఎవరితో, ఏ ఆరింటితో, ఎలా గెలిచారు అన్నదంతా. ఏదో పాత వివాదం వచ్చినప్పుడు నా పుస్తకంలోంచి మూడు పేజీలు ఫొటో తీసి పెడితే గొడవ సద్దుమణిగింది, దాంతో ఒక ఖాళీ వచ్చినప్పుడు నన్ను పిలిచారు. జీవితంలో నన్ను ఏ కమిటీలోకైనా పిలవడం అదే మొదలు, అదే ఆఖరు. మిగతా నలుగురూ డిగ్రీలున్నవాళ్ళే. ఒకతను మనవాడే, హైదరాబాద్ నుంచి అమెరికా మీదుగా వాంకూవర్ చేరిన కంప్యూటరు ఉద్యోగి, నన్ను అంకుల్ అనేవాడు.

ఆ మార్చి నెలలో మేనత్త మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆటలు తెమలడం లేదు, నిద్రొస్తోంది, ఇదేం జీవి అని. బ్యాన్ చేయాలా వద్దా అన్నది ఆదివారం పొద్దున ఓటుకు పెట్టారు. ఇద్దరు చేద్దామని, ఇద్దరు వద్దని ముందే చెప్పేశారు. అయిదో ఓటు నాది. నేను వారమంతా కూర్చుని నా నోటుపుస్తకాలు తిరగేశాను. మేనత్త ఉన్న టీములు ఎన్ని గెలిచాయో ఇంచుమించు అన్నే ఓడాయి. ఆట సాగదీయడం నిజమే, గెలిపించడం మాత్రం అబద్ధం. బ్యాన్ చేయడానికి కారణం లేదు. ఇది పెన్సిలుతో కాదు, పెన్నుతో రాసుకున్నాను.

శుక్రవారం బావ కుర్చీలోంచి ఫోన్ చేశాడు. ఓటు సంగతి ఆయనకీ తెలుసు, ఆడేవాళ్ళందరికీ తెలుసు. ఆ వేసవిలో జరగబోయే పెద్ద పోటీకి ఆరునెలలుగా మేనత్త చుట్టూ ఒక టీము కడుతున్నాడు, వేలిముద్రలు పడి పడి ఆ టాబ్లెట్ అద్దం మసకబారిపోయింది. అయినా నన్ను ఏమీ అడగలేదు. "నీ పుస్తకంలో ఏముంటే అది చెప్పు. నా మొహం చూడకు" అన్నాడు, అంతే. గొంతు మామూలుకన్నా పల్చగా ఉంది. మిషన్ వల్ల అనుకున్నాను.

శనివారం వాంకూవర్ అతను ఫోన్ చేశాడు. నా ఆరోగ్యం అడిగి, విన్నిపెగ్ చలి గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, అప్పుడు అన్నాడు. "అంకుల్, ఏమనుకోకండి, రేపు ఓటింగ్‌లో మీరు అబ్‌స్టెయిన్ అయిపోయి, ఎటూ వేయకుండా ఉంటే బెటరేమో. మీ బావగారు ఆ టీమే ఆడతారు కదా, ఎంతైనా ఫ్యామిలీ. రేపు ఎవరైనా ఏదైనా అంటే మీకే బ్యాడ్." మాట మెత్తగానే ఉంది. కానీ నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ కిందట గుంటూరులో నేను బాగుచేసిన రేడియోలో భాగాలు మార్చేశానని ఒకడు బజారులో అన్నప్పుడు ఎలా మండిందో అలాగే మండింది. చదువు లేనివాడికి నిజాయితీ కూడా ఉండదనుకుంటారు వీళ్ళు. చుట్టం ఎదురుగా కనిపిస్తే ఊళ్ళోవాడు న్యాయం తప్పుతాడని ముందే రాసిపెట్టుకుంటారు. ఆ రోజంతా ఇంట్లో గోడలతో పోట్లాడాను. నా భార్య అన్నం పెట్టి, ఎవరి మీద ఈ కోపం అని అడిగింది.

ఆదివారం ఓటు వేశాను. బ్యాన్ చేయాలనే వేశాను.

ఎందుకు వేశానో ఇన్నేళ్ళుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను గానీ సంగతి ఒక్కటే. నేను చుట్టరికానికి లొంగేవాణ్ణి కానని ఆ వాంకూవర్ మనిషికి చూపించాలనుకున్నాను. బావ నా మొహం చూడకు అన్నాడు, నేను ఇంకెవడి మొహమో చూశాను. పుస్తకం నా ముందే తెరిచి ఉంది. ఓటు అయ్యాక మిగతావాళ్ళు నన్ను మెచ్చుకున్నారు, నిష్పక్షపాతం అన్నారు, వాంకూవర్ అతను రెస్పెక్ట్ అంకుల్ అని రాశాడు. సిగ్గులేకుండా ఆ సాయంత్రం దాకా సంతోషపడ్డాను.

సోమవారం బావకి ఫోన్ చేశాను. ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. ఒకే ఒక్క మాట అడిగాడు. "పుస్తకంలో అలాగే ఉందా?"

"ఉంది బావా" అన్నాను.

"ఉంటే సరే" అన్నాడు. నర్సు వచ్చింది, తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.

ఆ తర్వాత మే నెలలో అక్క ఫోన్ చేసి చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఒకటుంది. నేను నోటుపుస్తకాలు తిరగేస్తున్న ఆ వారమే, సోమవారంనాడు, కిడ్నీ మార్పిడి కోసం వేచి ఉన్నవాళ్ళ లిస్టులోంచి బావ పేరు తీసేశారు. ఆపరేషన్‌కి గుండె తట్టుకోదని డాక్టర్ల కమిటీ కూర్చుని తేల్చింది. అది చెప్పి, ఇక ఈ కుర్చీలోనే అని ఆయనకి అర్థమయ్యాక, బుధవారం వెళ్ళి అదే కుర్చీలో కూర్చుని అదే టీము కట్టుకున్నాడు, శుక్రవారం నాకు ఫోన్ చేసి నా మొహం చూడకు అన్నాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే నా ఓటు వంకర పోతుందని చెప్పలేదని అక్క అంది. అక్కకి ఆ ఓటేమిటో తెలియదు, ఆయన అన్న మాట అన్నట్టుగా చెప్పింది.

ఆ వేసవి పోటీకి మేనత్త లేకుండా ఇంకో టీము కట్టి వెళ్ళాడు, మొదటి ఆటలోనే ఓడిపోయాడు. ఆచారం ప్రకారం టీమును బయటపెట్టి, ఒక్కో జీవి పక్కన ఒక్కో వాక్యం రాశాడు. అన్నింటి పక్కనా ఒకటే, అలవాటు లేదు. సెప్టెంబరులో డయాలసిస్ ఆపేస్తానన్నాడు. ఈ దేశంలో అలా అడగవచ్చు. డాక్టర్లు రెండుసార్లు అడిగి, ఆయన మతి స్థిరంగా ఉందని చూసుకుని, సరేనన్నారు. మేనకోడలు ఏడ్చింది, అక్క ఏడవలేదు. నేను విమానం ఎక్కి వెళ్ళాను. మిల్టన్ ఇంట్లో కింద హాల్లో కిటికీ పక్కన హాస్పిటల్ మంచం వేశారు, ఎదురుగా ఒకేలాంటి ఇళ్ళ వరస. ఆ వారంలో ఆయన అరటిపండు తిన్నాడు, ఉప్పు వేసిన పప్పు తిన్నాడు, కొబ్బరినీళ్ళు అడిగి తాగాడు.

నేను వాంకూవర్ ఫోను సంగతీ, పుస్తకం సంగతీ చెప్పేయాలని రోజూ కుర్చీ లాక్కుని కూర్చునేవాణ్ణి. ఒకసారి ఆయనే కళ్ళు తెరిచి, మేనత్త లేకుండా ఆట బాగా నడుస్తోందా అని అడిగాడు. నడుస్తోందన్నాను. అయితే మంచి పనే చేశావు అన్నాడు. ఆ మాట తర్వాత ఇక నేనేమీ చెప్పలేకపోయాను. చెప్పి నా బరువు దించుకుందామంటే అది ఆయన మీదే పడేది అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ ఒక మర్యాదైన పేరు దొరుకుతుంది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం పోయాడు. నాలో నేను ఎంత వాదించుకున్నా, మేనత్త ఉండి ఉంటే ఇంకో చలికాలం ఆ కుర్చీలో కూర్చునేవాడా అన్నదానికి జవాబు దొరకదు. కూర్చునేవాడు కాదేమో. గుండె ఎలాగూ ఒప్పుకునేది కాదేమో. కానీ ఆ కుర్చీ దాకా నడవడానికి ఆయనకున్న కారణాల్లో ఒకదాన్ని నా చేత్తో తీసేశాను, అది మాత్రం లెక్కలో తప్పు లేదు.

కర్మలు అయ్యాక అక్క ఆ టాబ్లెట్ నాకు ఇచ్చింది. ఆయన కట్టిన టీములన్నీ వరసగా ఉన్నాయి. చివరిది డయాలసిస్ ఆపిన వారంలో కట్టింది. అందులో మేనత్త ఉంది. బ్యాన్ అయిన జీవిని పెట్టినందుకు ఆ పేరు మీద ఎర్ర గీత, కింద ఈ టీముతో పోటీకి వెళ్ళడం కుదరదని ఒక వాక్యం. అది తెలిసే కట్టాడు. ఎవరికీ చూపించడానికి కాదు కనుక ఆచారం పాటించనక్కరలేదు, అయినా ఒక్కోదాని పక్కన ఒక్కో వాక్యం రాశాడు. మొదటి స్థానంలో ఒక జీవికి బామ్మర్ది అని పేరు. అంతకుముందు ఏ టీములోనూ ఆ పేరు లేదు. పక్కన ఇలా ఉంది: కోపం ఎక్కువ, ముందు వీణ్ణే పంపాలి, దెబ్బ తగలగానే వెనక్కి పిలవాలి, చావనివ్వకూడదు. మేనత్త పక్కన: పుట్టింట్లో ఉంది, పిలిస్తే వస్తుంది.

ఆ ఏడాదే నేను కౌన్సిల్ మానేశాను, తర్వాత ఆ సైటూ ఆగిపోయింది. ఇప్పుడు ఈ అమ్మాయి ఉత్తరం. మేనత్త సంగతి ప్రోగ్రాము ఒక్క మధ్యాహ్నంలో తేల్చిందట. నేను అటక మీంచి నోటుపుస్తకాలు దింపి చూశాను, నా పెన్నురాతలో అదే ఉంది, పక్కన తేదీతో సహా. ఇవాళ ఎవరూ పుస్తకం పెట్టుకోనక్కరలేదు, శేషం రాసుకోనక్కరలేదు, ఆరింటినీ మిషనే ఏరిపెడుతుంది, అయిదుగురు మనుషులు ఆదివారం పొద్దున కూర్చుని ఓటు వేయనక్కరలేదు. ఆ మిషన్‌కి శనివారంనాడు ఎవరూ ఫోన్ చేయరు. అది తలుచుకుంటే ఒకవైపు బాగుందనిపిస్తుంది, ఇంకోవైపు, నా మొహం చూడకు అని దానికి చెప్పేవాళ్ళూ ఎవరూ ఉండరు కదా అనిపిస్తుంది.

నిన్న ఆ కొత్త సైట్‌లోకి వెళ్ళి బావ చివరి టీమును ఒక్కో అక్షరం చూసి ఎక్కించాను. చుట్టరికాలు అలాగే ఉంచాను, వాక్యాలు అలాగే ఉంచాను. మేనత్త పేరు దగ్గరికి వచ్చి చెయ్యి ఆపి, ఎర్ర గీత కోసం కాసేపు చూశాను. రాలేదు. టీము సరిగ్గా ఉంది, ప్రత్యర్థిని వెతకమంటారా అని కింద అడిగింది. నేను ఆ బటన్ నొక్కలేదు. టీమును ఆ అమ్మాయికి పంపించి, కట్టినవాడి పేరు దగ్గర బావ పేరు రాశాను. ఓడినవాడు రాయవలసిన వాక్యం కోసం అడుగున ఒక గడి ఖాళీగా ఉంది. అందులో నా పేరు పెట్టి, పుస్తకంలో అలా లేదు అని రాశాను.